తొట్టి వెనక పెట్టె: ఉప్పునీటి చేపల మీద ప్రశ్నలూ జవాబులూ

ఉప్పునీటి చేపల గురించి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే వస్తువు చుట్టూ తిరుగుతున్నాయి. తొట్టి వెనక అద్దానికి తగిలించే హ్యాంగాన్ ఫిల్టర్ అది. చవకైనది, చిన్న తొట్టికి సరిపోతుంది, దుకాణాల్లో సులువుగా దొరుకుతుంది. మంచినీటి చేపలకు వాడినట్టే ఉప్పునీటికీ వాడేసరికి గొడవ మొదలవుతుంది. అందుకే ఈసారి జవాబులన్నీ దాని మీదే.

రెండడుగుల తొట్టిల రెండేళ్ల సంది గప్పీలు, మోలీలు పెంచుతున్న. ఇప్పుడు క్లౌన్‌ఫిష్ జంట పెట్టాలని ఉంది. వెనక తగిలించిన ఫిల్టర్ మంచిగనే నడుస్తున్నది, నెలకొక కార్ట్రిడ్జ్ మారుస్త. అదే ఫిల్టర్ ఉప్పునీళ్లకు సరిపోతదా? రెండేళ్ల బ్యాక్టీరియా ఉన్నది గద, సైక్లింగ్ చేయకున్నా నడుస్తదా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

సైక్లింగ్ అంటే చేపల పెంట, మేత నుంచి పుట్టే అమ్మోనియా విషాన్ని మొదట నైట్రైట్‌గా, తరవాత అంత హాని లేని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాను చేపలకన్నా ముందే తొట్టిలో పెంచడం. నెలకో కార్ట్రిడ్జ్ పారేసే ఫిల్టర్లో రెండేళ్ల బ్యాక్టీరియా ఎక్కడిది? అందులో ఉన్నదాని వయసు ఎప్పుడూ నెల లోపే. గప్పీల తొట్టి ఇన్నాళ్లూ నడిచిందంటే అడుగున ఉన్న గులకరాళ్లు, మొక్కలు నడిపించాయి. పైగా మంచినీటికి అలవాటుపడ్డ బ్యాక్టీరియాను ఒక్కసారిగా ఉప్పునీటిలో వేస్తే చాలావరకు పని ఆపేస్తుంది. చచ్చినది కుళ్లి, తిరిగి అమ్మోనియాగా మారుతుంది. కాబట్టి పాత స్పాంజి, బ్యాక్టీరియా పట్టి ఉండే పాత సిరామిక్ రింగుల మీద ఆశ వదులుకోండి. ఆ తొట్టిలో ఎప్పుడైనా రాగి మందు వాడి ఉంటే స్పాంజిని దాచుకోకుండా పారేయండి. రొయ్యలు, నత్తలు రాగిని తట్టుకోలేవు.

పెట్టె మాత్రం పనికొస్తుంది. మోటారు విప్పి తిరిగే చక్రాన్ని చూడండి. దాని అయస్కాంతానికి పగులున్నా, తుప్పు మరక కనిపించినా ఉప్పునీటిలో నెల తిరక్కుండానే ఉబ్బి బిగుసుకుపోతుంది. చక్రం ఇరుసు స్టీలుదైతే వాడకండి, సిరామిక్ ఇరుసున్న చక్రం తెచ్చుకోండి. బోరు నీళ్లు పోసిన పెట్టె అయితే లోపల సున్నపు పొర గట్టిగా పట్టి ఉంటుంది. తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి గంటసేపు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, నాలుగుసార్లు కడిగితే పోతుంది. సబ్బు తగలనివ్వకండి.

ఇక లోపల ఏం పెట్టాలన్నది అసలు ప్రశ్న. కార్ట్రిడ్జ్‌లో దూది గుడ్డ, బొగ్గు ఒక్కటిగా కుట్టి ఉంటాయి. మురికి పట్టేది, బొగ్గు పని చేసేది, బ్యాక్టీరియా కాపురముండేది మూడూ ఒకటే అయితే, మురికి నిండినప్పుడల్లా కాపురాన్నీ కలిపి పారేయాల్సి వస్తుంది. ఈ మూడింటినీ విడదీయాలి. కార్ట్రిడ్జ్ తీసేసి, నీళ్లు వెళ్లే దారిలో రెండు సెంటీమీటర్ల మందంలో ముతక స్పాంజి పెట్టండి. పెట్టె గోడలకు బిగుతుగా ఆనేట్టు అర సెంటీమీటరు ఎక్కువగానే కోయండి. సందు ఉంటే నీళ్లు స్పాంజిలోకి పోకుండా పక్క నుంచి జారుకుంటాయి. దాని ముందు పలుచని తెల్ల దూది పొర పెట్టండి. మిగిలిన చోటంతా సన్న రంధ్రాల సిరామిక్ రింగులను వల సంచిలో పోసి దించండి. మీ పెట్టెలో అర లీటరు నుంచి లీటరు వరకు పట్టవచ్చు. రింగులు పూర్తిగా నీళ్లలో మునిగి ఉండాలి. బొగ్గు అవసరమైతే చిన్న సంచిలో విడిగా వేసి, మూడు నాలుగు వారాలకు మార్చండి.

ఇప్పుడు దూదిని మూడు నాలుగు రోజులకోసారి నిర్భయంగా పారేయవచ్చు. స్పాంజిని రెండు వారాలకోసారి, నీళ్లు మార్చేటప్పుడు తొట్టిలోంచి తీసిన బకెట్ నీళ్లలోనే పిండండి, నల్లా కింద వద్దు. రింగులను మూడు నెలలకోసారి అదే బకెట్లో ముంచి తీస్తే చాలు. స్పాంజి, రింగులు ఒకే రోజు శుభ్రం చేయకండి.

సరిపోతుందా అని అడిగారు. 24 × 12 × 15 అంగుళాల తొట్టిలో అద్దం లెక్కన 70 లీటర్లు పడతాయి. ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ పోను నీళ్లు 55 లీటర్లు ఉంటాయనుకోండి. గంటకు ఆరు రెట్లు, అంటే 330 లీటర్లు ఫిల్టర్ గుండా పోవాలి. డబ్బా మీద రాసిన లెక్క లోపల ఏమీ లేనప్పుడు కొలిచినది. స్పాంజి, రింగులు పెట్టాక అది బాగా పడిపోతుంది. గంటకు 500 లీటర్లని రాసి ఉన్నది తీసుకుంటే నిశ్చింత. అయినా ఉప్పునీటి తొట్టిలో పెద్ద పనిమంతుడు ఫిల్టర్ కాదు, రాయి. 5–6 కిలోల బొరియల రాయి లోపల ఉంటే బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం అక్కడే స్థిరపడుతుంది, వెనక పెట్టె దానికి తోడు. రాళ్ల మధ్య నీళ్లు కదలడానికి గంటకు 800–1000 లీటర్ల చిన్న వేవ్‌మేకర్ ఒకటి వేరే పెట్టండి. ఫిల్టర్ జలపాతం ఒక్కటే ఆ పని చేయలేదు.

క్లౌన్‌ఫిష్ తొట్టికి సైక్లింగ్ చేయాలంటే దుకాణంలో రెండు దారులు చెప్పారు: సీసాలో బ్యాక్టీరియా పోసి మర్నాడే చేపలు వేయడం, లేదంటే నాలుగు డామ్సెల్ చేపలు ముందు వేసి నెల ఆగడం. ఏది సరైనది? రోజువారీగా ఏం చేయాలో చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

రెండూ వద్దు. డామ్సెల్‌లు చావకపోవచ్చు గానీ మొప్పలు కాలిపోతాయి. బతికినవి తొట్టి తమదేనని తరవాత వచ్చిన క్లౌన్‌లను పొడిచి చంపుతాయి. సీసా బ్యాక్టీరియాలో పనిచేసేవీ ఉన్నాయి. కానీ ఎండాకాలం లారీలో వచ్చి, దుకాణం అరలో నెలల తరబడి కూర్చున్న సీసాలో ఎంత ప్రాణం మిగిలిందో మూత తీసి చెప్పలేం. పోయాలనుకుంటే ఉప్పునీటిదని రాసి ఉన్నది, గడువు చూసి తెచ్చి పోయండి, తప్పులేదు. అది పనిచేసిందో లేదో అమ్మోనియా పరీక్షతో తేల్చాలి, చేప ప్రాణంతో కాదు.

ఉప్పునీటిలో ఈ జాగ్రత్త ఎందుకు ఎక్కువంటే, నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి విషం, రెండోది దాదాపు నిరపాయం. పీహెచ్ 7 ఉన్న మంచినీటిలో విషపు వాటా నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8.2 ఉన్న ఉప్పునీటిలో, 26–28 డిగ్రీల దగ్గర, అది నూటికి 7 నుంచి 9 వంతులు. గప్పీలు హాయిగా తిరిగిన 0.5 పీపీఎం (లీటరుకు అర మిల్లీగ్రాము) అమ్మోనియా దగ్గరే క్లౌన్‌ఫిష్ ఇబ్బంది పడవచ్చు. నైట్రైట్ సంగతి తలకిందులు: ఉప్పులోని క్లోరైడ్ దాన్ని మొప్పల్లోకి పోనివ్వదు కాబట్టి మంచినీటిలో చేసినంత హాని ఇక్కడ చేయదు.

నీళ్లు కలపడంతో మొదలుపెట్టండి. లీటరుకు 36–38 గ్రాముల సముద్రపు ఉప్పు మిశ్రమం చొప్పున 55 లీటర్లకు రెండు కిలోల పైచిలుకు పడుతుంది. వంటింటి ఉప్పు, పచ్చళ్లకు వాడే కల్లుప్పు పనికిరావు. వాటిలో ఉన్నదంతా సోడియం క్లోరైడే, చేపకూ బ్యాక్టీరియాకూ కావలసిన కాల్షియం, మెగ్నీషియం, పీహెచ్‌ను నిలబెట్టే బైకార్బొనేట్ ఉండవు. బకెట్లో చిన్న మోటారు పెట్టి 24 గంటలు కలియనిచ్చి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో సాపేక్ష సాంద్రత 1.025 చూసుకోండి. ఆ పరికరాన్ని ఉత్త ఆర్‌వో నీళ్లతో సున్నాకు సరిచేస్తే చాలదు, 35 పీపీటీ (వెయ్యికి 35 వంతుల ఉప్పు) ద్రావణంతో సరిచేయాలి.

రాళ్లు, ఇసుక, స్పాంజి, రింగులు అన్నీ మొదటి రోజే లోపల ఉండాలి. ఫిల్టర్ తిరుగుతూ ఉండాలి. లైటు వేయకండి, నాచు తప్ప ఏమీ పెరగదు. బొగ్గు వద్దు. కొన్ని కార్ట్రిడ్జ్‌లతో వచ్చే తెల్ల జియోలైట్ గుళికలూ తీసేయండి. మంచినీటిలో అవి అమ్మోనియాను పీల్చుకుంటాయి గానీ ఉప్పునీటిలో సోడియం ఆ చోటంతా ఆక్రమిస్తుంది కాబట్టి దండగ.

బ్యాక్టీరియాకు ఆహారం అమ్మోనియం క్లోరైడ్. కళాయి పూతకు వాడే నవాసారం ఇదే పదార్థం. అయినా బజారు ముక్క తేవద్దు, అందులో లోహాల మలినం ఎంతో ఎవరూ చెప్పలేరు. ల్యాబ్ రసాయనాలమ్మే చోట శుద్ధమైనది చిన్న డబ్బా కొనండి. 10 గ్రాములు లీటరు ఆర్‌వో నీళ్లలో కరిగించి, పిల్లలకు అందని చోట పెట్టుకోండి. ఇందులోంచి 33 మిల్లీలీటర్లు 55 లీటర్లలో పోస్తే అమ్మోనియా 2 పీపీఎం వస్తుంది. ఎక్కువ పోస్తే త్వరగా అవుతుందనుకోకండి. 5 దాటితే నైట్రైట్‌ను తినే బ్యాక్టీరియా వెనకబడి, పని ఇంకా సాగదీస్తుంది. పచ్చి రొయ్య వేసి కుళ్లబెట్టే పద్ధతి కూడా ఉంది. పని జరుగుతుంది, కానీ ఇల్లంతా కంపు, లెక్క చేతిలో ఉండదు.

రెండు రోజులకోసారి చుక్కల కిట్‌తో చూడండి. ఉప్పునీటికి వేరే రంగుల పట్టిక ఉంటుంది, దాన్నే వాడండి. పది పదిహేను రోజులకు అమ్మోనియా దిగి నైట్రైట్ లేస్తుంది. అమ్మోనియా సున్నాకు వచ్చినప్పుడల్లా 15–20 మిల్లీలీటర్లు పోసి బ్యాక్టీరియాను మేపుతూ ఉండండి. ఈ దశలో నైట్రేట్ పరీక్ష చేయకండి, నైట్రైట్ ఎక్కువగా ఉన్నప్పుడు ఆ కిట్ అబద్ధం చెప్పి లేని నైట్రేట్‌ను చూపిస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సాయంత్రం 33 మిల్లీలీటర్లు పోస్తే మర్నాడు సాయంత్రానికి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయితే పూర్తయినట్టు. అప్పుడు సగం నీళ్లు మార్చి, ఆ వారంలోనే చేపలు వేయండి. చేపలు దొరకడం ఆలస్యమైతే మూడు రోజులకోసారి 15 మిల్లీలీటర్లు పోస్తూ ఉండాలి, లేకపోతే పెంచినదంతా పస్తులుండి తగ్గిపోతుంది.

చలికాలం మొదలుపెట్టేవారు 100 వాట్ల హీటర్ పెట్టి 26 దగ్గర నిలపండి. రాత్రిళ్లు తొట్టి చల్లబడితే ఆరు వారాలు పది వారాలవుతాయి.

కరెంటు పోయి వచ్చినాక ఫిల్టర్ గుర్రుమని మోగుతుంది గానీ నీళ్లు పడవు. పోయిన ఏప్రిల్‌లో మేం ఊరికి పోయినప్పుడు ఇట్లనే అయింది, వచ్చేసరికి రెండు క్లౌన్‌లు చచ్చి ఉన్నాయి, పెట్టె తెరిస్తే కుళ్లిన గుడ్డు వాసన. మోటారు పాడైనట్టా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

మోటారు బాగానే ఉండి ఉంటుంది, దానికి నీళ్లు అందలేదు. హ్యాంగాన్ ఫిల్టర్లు రెండు రకాలు. మోటారు వెనక పెట్టె అడుగున ఉండేది ఒకటి, గొట్టం చివర తొట్టి నీళ్లలో మునిగి ఉండేది రెండోది. మొదటి రకం కరెంటు పోయినప్పుడు గొట్టంలో నీళ్లు జారిపోయి గాలి చేరితే మళ్లీ తనంతట తాను లాగలేదు. పెట్టెలో చెంబుడు నీళ్లు పోసేదాకా అలా మోగుతూనే ఉంటుంది. తొట్టిలో నీటిమట్టం పడిపోయి ఉంటే ఈ తంటా మరీ ఎక్కువ. మునిగి ఉండే రకం కరెంటు రాగానే మొదలవుతుంది. మన వైపు ఎండాకాలపు కోతలు, గాలిదుమారాలు చూస్తే కొత్తగా కొనేవారు రెండో రకమే తీసుకోవాలి, పది రూపాయలు ఎక్కువైనా సరే. నాలుగైదు వందల తేడాకు చూసుకుని తరవాత చేపల మీద రెండు వేలు పోగొట్టుకున్నవాళ్ల ఉత్తరాలే ఇక్కడికి ఎక్కువ వస్తాయి.

ఆ వాసన గురించి. ఈ బ్యాక్టీరియా ఆక్సిజన్ మీద బతుకుతుంది. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేట్ కావడానికి సుమారు నాలుగున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఖర్చవుతుంది. ఉప్పునీటిలో అసలే ఆక్సిజన్ తక్కువ: 25 డిగ్రీల దగ్గర మంచినీరు లీటరుకు 8.2 మిల్లీగ్రాములు పట్టుకుంటే సముద్రపు నీరు 6.7 మాత్రమే పట్టుకుంటుంది. 30 డిగ్రీలకు అది 6.2కు దిగుతుంది. పెట్టెలో నీళ్లు ఆగాక ఉన్న కాస్తా స్పాంజిలోని మురికే తినేస్తుంది. ఆ తరవాత ఆక్సిజన్ అక్కర్లేని బ్యాక్టీరియా రాజ్యం, హైడ్రోజన్ సల్ఫైడ్, మీరన్న గుడ్డు వాసన. కరెంటు వచ్చి మోటారు లాగితే ఆ నీళ్లన్నీ ఒక్క దెబ్బన తొట్టిలో పడతాయి.

కాబట్టి లెక్క ఇలా పెట్టుకోండి. గంటలోపు ఆగితే ఏమీ చేయనక్కర్లేదు. గంట దాటుతుందనిపిస్తే రింగుల సంచి తీసి తొట్టిలోనే, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ పక్కన వేలాడదీయండి, బ్యాటరీతో నడిచే చిన్న గాలి మోటారు పెట్టండి. స్పాంజిని బకెట్లో పిండి పక్కన పెట్టండి. కరెంటు వచ్చాక పెట్టెలో నిలిచిన నీళ్లు పారబోసి, తొట్టి నీళ్లతో నింపి, అప్పుడు ప్లగ్గు పెట్టాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని లైనులోనే ఈ ఫిల్టర్ తగిలించండి. తినేది ఐదు పది వాట్లే, ఫ్యానుతో పోలిస్తే లెక్కలోకి రాదు. వేవ్‌మేకర్ కూడా ఆ లైనులోనే ఉండాలి. ఫిల్టర్ ఆగినా అది నీటి పైభాగాన్ని కదుపుతూ ఉంటే చేపలు బతుకుతాయి, రాళ్ల మీది బ్యాక్టీరియా పని ఆగదు.

మీరు ఏప్రిల్ అన్నారు, అందుకని ఇంకొక మాట. ఎండలు 42 దాటినప్పుడు మూత తీసి చిన్న ఫ్యాను నీటి మీదికి తిప్పితే రెండు నుంచి నాలుగు డిగ్రీలు దిగుతుంది, కానీ రోజుకు లీటరు, లీటరున్నర ఆవిరవుతుంది. ఉప్పు ఆవిరి కాదు. 55 లీటర్ల తొట్టిలో రోజుకు లీటరున్నర చొప్పున ఐదు రోజులు పోతే మిగిలేది 47.5 లీటర్లు, 35 పీపీటీ ఉన్న ఉప్పు 40 దాటుతుంది. చేపకు కష్టం, బ్యాక్టీరియా మందగిస్తుంది, మట్టం పడిపోయి ఫిల్టర్ గాలి పీలుస్తుంది, ఇన్నీ ఒకేసారి. అద్దం మీద మార్కర్‌తో గీత గీసి ఉదయం సాయంత్రం ఆ గీత దాకా ఆర్‌వో నీళ్లు పోయండి. ఉప్పు కలిపిన నీళ్లు పోయకూడదు. ఊరికి పోయేటప్పుడు పక్కింటివాళ్లకు చెప్పాల్సింది కూడా మేత గురించి కాదు, ఈ గీత గురించి. క్లౌన్‌ఫిష్ మూడు రోజులు తినకపోయినా ఏమీ కాదు.

మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అవి వాడితే బ్యాక్టీరియా పెరగదని ఒకరు, ప్లాంటు క్యాను నీళ్లు వాడితే చాలని ఇంకొకరు అంటున్నారు.
– ఒక పాఠకుడు, మునుగోడు

ఫ్లోరైడ్ మనుషుల ఎముకలకు చేసిన చేటు మీ ప్రాంతానికి చెప్పనక్కర్లేదు. కానీ తొట్టి విషయంలో అసలు దోషి అది కాదు. సముద్రపు నీళ్లలోనే లీటరుకు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ సహజంగా ఉంటుంది. తాగేనీటికి మన దేశంలో పెట్టిన గరిష్ఠ హద్దు 1.5. బోరు నీళ్లతో వచ్చే చిక్కు వేరే చోట ఉంది. పొలాల్లోని ఎరువుల నుంచి దిగిన నైట్రేట్ ముందే ఉంటుంది, సిలికా ఉంటుంది, గోధుమ రంగు నాచు దాన్నే తిని అద్దమంతా పరుచుకుంటుంది, గట్టిదనం వల్ల ఉప్పు మిశ్రమం లెక్క తప్పుతుంది. పటికతో తేర్చిన నీళ్లూ వద్దు, అల్యూమినియం మిగులుతుంది.

ఆర్‌వో నీళ్లే దారి. క్యాను కొనేముందు నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే రెండు మూడు వందల రూపాయల టీడీఎస్ మీటరు ముంచి చూడండి. ప్లాంటువాళ్లు రుచి కోసం ముడి నీళ్లు కొంత కలుపుతారు, కాబట్టి 80, 100 చూపించడం మామూలే. చేపలు మాత్రమే ఉండే తొట్టికి 50 లోపు ఉంటే సర్దుకోవచ్చు, 10 లోపు ఉంటే మంచిది. ఇంట్లోని ఆర్‌వో యంత్రానికి టీడీఎస్ సర్దే మర ఉంటుంది, తొట్టికి పట్టేటప్పుడు దాన్ని పూర్తిగా మూసేయండి. ఖనిజాలు కలిపే చివరి గొట్టం ఉంటే దాని ముందు నుంచే పట్టుకోండి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు బోరు కన్నా నయం, కానీ క్లోరిన్ ఉంటుంది. నేరుగా పోస్తే మీరు నెలరోజులు పెంచిన బ్యాక్టీరియా మీద విషం పోసినట్టే.

నైట్రేట్ 80 పీపీఎం దగ్గర నిలబడింది. హ్యాంగాన్ ఫిల్టర్ నైట్రేట్ కార్ఖానా అని, తీసి పారేయమని సలహా ఇచ్చారు. నైట్రేట్‌ను తినే ప్రత్యేక రింగులున్నాయని దుకాణంలో చెప్తున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, వనపర్తి

ఫిల్టర్ శూన్యంలోంచి నైట్రేట్ పుట్టించలేదు. మీరు వేసిన మేతే అమ్మోనియాగా, నైట్రైట్‌గా, చివరకు నైట్రేట్‌గా మారుతుంది. ఫిల్టర్ తీసేసినా ఆ మారడం రాళ్ల మీద జరుగుతుంది. 'కార్ఖానా' అన్న పేరు దూదిని నెలల తరబడి మార్చని పెట్టెలకు వచ్చింది. దూదిలో చిక్కిన మేత, పెంట మూడో రోజు బయటికి పోతే నైట్రేట్ అయ్యే అవకాశమే లేదు. నెల ఉంటే అదంతా అక్కడే కుళ్లి కరిగి నీళ్లలో కలుస్తుంది. దూది నిండిపోయిందని ఎలా తెలుస్తుందంటే, పెట్టెలో నీటిమట్టం పైకి లేచి, పైనున్న గాడి గుండా నీళ్లు దూదిని తాకకుండానే తొట్టిలోకి దూకుతాయి. జలపాతం బాగానే పడుతోందని మనం మురిసిపోతాం, లోపల రింగులకు చుక్క అందదు.

ఆ ప్రత్యేక రింగులు కొనకండి. నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చే బ్యాక్టీరియాకు ఆక్సిజన్ ఉండకూడదు, నీళ్లు నెమ్మదిగా ఊరాలి. గంటకు మూడు వందల లీటర్లు దూకే పెట్టెలో ఆ స్థితి లెక్కపెట్టదగ్గంతగా ఏర్పడదు. ఆ పని లోతైన బొరియల రాయి లోపల, మందంగా పరిచిన ఇసుకలో జరుగుతుంది.

ముందు 80ని దించండి. సగం నీళ్లు మారిస్తే 40, నాలుగు రోజులాగి మళ్లీ సగం మారిస్తే 20. కొత్త నీళ్ల ఉప్పు, వేడి సరిగ్గా పాత నీళ్లంతే ఉండాలి. ఆ తరవాత వారానికి పది శాతం చాలు. గడ్డకట్టిన రొయ్యల మేత వేస్తుంటే, కరిగాక వచ్చే ఎర్రటి నీళ్లు పారబోసి ముక్కలే వేయండి. ఫిల్టర్ గొట్టం చివర తొడిగిన స్పాంజి ఉంటే దాన్నీ నాలుగైదు రోజులకోసారి పిండాలి, చాలామంది మరిచిపోయేది దాన్నే. చేపలే ఉన్న తొట్టికి 20–40 మధ్య నైట్రేట్‌తో నష్టం లేదు, సున్నా కోసం పరుగెత్తకండి.

మీ పెట్టె మూడు లీటర్ల పైన పట్టేదైతే ఇంకో ఉపాయం ఉంది. రింగుల పక్కన గుప్పెడు కీటోమార్ఫా నాచు వేసి, పెట్టె వెనక చిన్న ఎల్‌ఈడీ దీపం రాత్రిపూట పది గంటలు వెలిగించండి. అది పెరుగుతూ నైట్రేట్ తింటుంది, మీరు నెలకోసారి సగం తెంపి పారేస్తే ఆ నైట్రేట్ తొట్టి దాటినట్టే.

సూర్యలంకకు పోతున్నాం. అక్కడి నుంచి సముద్రపు నీళ్లు, పగడపు రాయి తెచ్చుకోవచ్చా? లేక మా దగ్గరి రాళ్లు వాడుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, హుజూర్‌నగర్

పగడపు రాయి ముట్టుకోవద్దు. గట్టి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి, పులికున్న రక్షణే వాటికీ ఉంది. ఒడ్డు దగ్గరి నీళ్లలో బురద, మురుగు ఉంటాయి, క్యానులో గంటల తరబడి ప్రయాణంలో అందులోని సూక్ష్మజీవులు చచ్చి కుళ్లుతాయి. ఉప్పు మిశ్రమమే నయం. మీ వైపు మఠంపల్లి, మేళ్లచెరువుల్లో దొరికేది సున్నపురాయి. ఉప్పునీటి పీహెచ్‌లో అది పెద్దగా కరగదు, చెడూ చేయదు. కానీ గట్టిగా నున్నగా ఉండి లోపల బొరియలుండవు కాబట్టి బ్యాక్టీరియాకు పైపొర తప్ప చోటు లేదు. గ్రానైటూ అంతే. అలంకారానికి రెండు ముక్కలు పెట్టుకుని, ఇల్లు కట్టే పని మాత్రం కృత్రిమంగా చేసిన బొరియల సిరామిక్ రాయికి వదిలేయండి.

ఫిల్టర్ అంచు మీద, వైరు మీద తెల్లగా ఉప్పు పేరుకుంటోంది. ప్రమాదమా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

అంచు మీదిది ప్రమాదం కాదు, ప్లగ్గు దాకా పాకితే ప్రమాదమే. జలపాతం ఎత్తు నుంచి పడి చిందుతోందంటే నీటిమట్టం తగ్గిందన్నమాట, గీత దాకా నింపండి. వారానికోసారి తడిగుడ్డతో తుడవండి. వైరు ప్లగ్గుకు చేరేముందు కిందికి ఉయ్యాలలా వంగి మళ్లీ పైకెక్కేట్టు పెట్టండి, జారిన చుక్క ఆ వంపు దగ్గరే నేల మీద పడుతుంది. తొట్టి లైనుకు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చు) ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి. పెట్టె వెనక్కి వాలి ఉందేమో కూడా చూడండి. కింద సర్దుబాటు మర ఉంటుంది, దాన్ని తిప్పి నిటారుగా నిలపకపోతే నీళ్లు గోడ వైపు కారతాయి.

హైదరాబాద్ నుంచి తెచ్చిన చేపను విడిగా ఉంచే తొట్టికి ఇదే ఫిల్టర్ వాడొచ్చా?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

దానికి ఇంతకన్నా మంచిది లేదు. రాళ్లు, ఇసుక లేని ఖాళీ తొట్టి కాబట్టి ఇక్కడ బ్యాక్టీరియా భారమంతా పెట్టె మీదే. అందుకని చేప రావడానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందే ఒక స్పాంజి ముక్కను అసలు తొట్టి ఫిల్టర్లో పెట్టి ఉంచండి. చేప వచ్చిన రోజు తీసి ఈ పెట్టెలో వేయండి, సైక్లింగ్ అయిపోయినట్టే. అయినా మొదటి పది రోజులు అమ్మోనియా రోజూ చూడాలి. మందు వేసేటప్పుడు బొగ్గు తీసేయండి, లేకపోతే మందును అదే తాగేస్తుంది. యాంటీబయాటిక్ వాడితే స్పాంజిలోని బ్యాక్టీరియా కూడా దెబ్బతినవచ్చు, ఆ రోజుల్లో మేత సగానికి తగ్గించి, నీళ్లు రోజు విడిచి రోజు మార్చండి. ఒకసారి రాగి మందు తగిలిన స్పాంజి, రింగులు ఈ తొట్టికే. మార్కర్‌తో పెట్టె మీద రాసి పెట్టుకోండి, ఆరు నెలల తరవాత ఏది ఏదో గుర్తుండదు.